నలభై చుట్లు

ఆళ్లగడ్డ,
20-1-1957

చిరంజీవి మద్దిలేటికి మామ ఓబులేసు దీవించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం ఉన్నాం, జీపు ఉంది, ఎండ ఇంకా ముదరలేదు. మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు. మా అక్క రామేశ్వరమ్మకు ఈ నాలుగు ముక్కలు చదివి వినిపిస్తే చాలు. తక్కినదంతా జీపు గొడవ, ఆమెకు వినిపించి తలనొప్పి తెప్పించవద్దు.

రెండేండ్ల కింద నువ్వు మిలిటరీ వేలంలో చూసిపెట్టిన బండి మాట తప్పకుండా నడుస్తోంది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి యాత్రికులను తిప్పుతున్నాను. సంతలో కాటాలు వచ్చాక నా కొలత పడికి పని లేకుండా పోయింది కదా. ముప్పై ఏండ్లు జొన్నలు కొలిచిన చేతికి స్టీరింగు దొరికిందని మీ అత్త కమలాక్షమ్మ నవ్వుతుంటుంది.

అయితే బండికి ఒకటే లోపం, నిదానం లేదు. మొదటి గేరు వేసి, పక్కనున్న కిందిగేరు కడ్డీ కూడా లాగినా, రాళ్ళదారి ఎక్కేటప్పుడు కాలు సడలిస్తే ఆగిపోతుంది, నొక్కితే రాయి మీద నుంచి రాయి మీదికి దూకుతుంది. కొండలోపల పాత అటవీ బంగళా ఒకటుంది. తారురోడ్డు వదిలాక పది మైళ్ళు. ఆ పది మైళ్ళూ నిదానంగా ఎక్కాలి. ఎంత నిదానమంటే, పక్క సీటులో గ్లాసు నిండా మజ్జిగ పెట్టుకుని పోతే చుక్క తొణకకూడదు. యాత్రికులు అడవి చూస్తామంటున్నారు, అందుకని.

ఇనుముతో పనిచేసేవాడివి, నీకు దారి తెలుస్తుంది. ఉగాది నాటికి కావాలి. ఉగాది దాటితే నాకు అక్కర్లేదు.

పొద్దున లేచి చూస్తే నల్లమల నీలంగా, నీళ్ళలో ముంచి తీసిన బట్టలా కనిపిస్తోంది. నువ్వు మా ఇంట్లో ఉండి చదువుకున్న మూడేండ్లూ ఆ కొండనే చూస్తూ లెక్కలు తప్పు చేసేవాడివి. గుర్తుందా?

మీ మామ
ఓబులేసు

*

నంద్యాల,
28-1-1957

ఓబులేసు మామకు మద్దిలేటి నమస్కారాలు.

నీ ఉత్తరంలో మొదటి నాలుగు ముక్కలు అమ్మకు చదివాను. “అంతేనా? అంత పెద్ద ఉత్తరంలో నాకు నాలుగు మాటలేనా?” అంది. జీపు సంగతులమ్మా అంటే లేచి వెళ్ళిపోయింది.

మామా, లోకమంతా బండి వేగంగా పోవాలంటుంటే నువ్వు నిదానంగా పోవాలంటున్నావు. మా షెడ్డు యజమాని దావీదు మేస్త్రికి చెప్పాను. యుద్ధంలో జీపులు బాగుచేసి వచ్చిన మనిషి ఆయన. కడుపు పట్టుకుని నవ్వాడు. “మీ మామకు ఎద్దులబండి కొనియ్యప్పా. మజ్జిగేంది, పాలు తోడేసుకోని పోవచ్చు. కొండెక్కేసరికి పెరుగయితాది” అన్నాడు.

నవ్వు అయ్యాక దారి చెప్పాడు. జీపు కింద పడుకుని చూడు. ఇరుసు నడుమ ఒక ఇనుప బుర్ర ఉంటుంది. దానిలో రెండు పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుని తిరుగుతాయి. చిన్నదానికి ఎనిమిది పళ్ళు. నీ మిలిటరీ బండిలో పెద్దదానికి ముప్పైతొమ్మిది. ఇప్పుడు బొంబాయిలో కట్టే కొత్త జీపుల్లో పెద్దదానికి నలభైమూడు. పళ్ళు పెరిగితే ఇంజను ఎక్కువ తిరుగుతుంది, చక్రం తక్కువ తిరుగుతుంది. వేగం తగ్గి బలం పెరుగుతుంది. ఎంత అంటావా, పదో వంతు. అంతకుమించి లేదు. ఆ పదో వంతు చాలంటే చెప్పు.

ఇంకొక మాట. ముందు ఇరుసు, వెనక ఇరుసు రెండింట్లోనూ ఒకే లెక్క ఉండాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేశావో, ముందు చక్రాలను కూడా తిప్పే కడ్డీ లాగినప్పుడు ఆ రెండూ కాడికి కట్టిన కుదరని ఎద్దుల్లా ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి. ఏదో ఒకటి విరుగుతుంది.

వెనకదానికి నలభైమూడు పళ్ళ జత మా షెడ్డులోనే ఉంది. గోనెసంచిలో కట్టి బస్సులో పంపుతాను. ముందుది లేదు. ఎక్కడైనా దెబ్బతిన్న కొత్త జీపు ముందు ఇరుసు దొరుకుతుందేమో వెతుకు. కొనేముందు లెక్క చూడు. ఇరుసును రాళ్ళ మీదికి ఎత్తించి, ఇద్దరు మనుషుల చేత రెండు చక్రాలనూ ఒకే తీరుగా ఎనిమిది చుట్లు తిప్పించు. ఇంజను రాడ్డు తగిలించడానికి బుర్రకున్న ముక్కు ఎన్ని చుట్లు తిరుగుతుందో నువ్వు లెక్కపెట్టు. నలభైమూడు వస్తే మనది. ముప్పైతొమ్మిది వస్తే దండం పెట్టి వదిలెయ్.

ముందుది దొరికేదాకా వెనకది బిగించవద్దు.

మద్దిలేటి

*

ఆళ్లగడ్డ,
12-2-1957

చిరంజీవి మద్దిలేటికి దీవెనలు.

పదో వంతు చాలు. నాకు కావలసింది ఆ పదో వంతే.

నీ గోనెసంచి అందింది. మంచం కింద పెట్టాను. మీ అత్త చీపురు పట్టినప్పుడల్లా “ఈ గుండ్రాయేంది?” అంటుంది.

ముందు ఇరుసు చాగలమర్రిలో కనిపించింది. వాగులో పడిన కొత్త జీపును విప్పి అమ్ముతున్న సుబ్బయ్య అనే ఆయన పాకలో, కోళ్ళ గంప పక్కన పడి ఉంది. బుర్ర తెరిచి పళ్ళు చూపించమంటే “తెరిస్తే కొన్నట్టే” అన్నాడు. అందుకని నువ్వు చెప్పినట్టే చేశాను. రాళ్ళ మీదికి ఎత్తాం. సుబ్బయ్య ఒక చక్రం, వాళ్ళ బావమరిది ఇంకో చక్రం పట్టుకుని తిప్పారు. నేను ముక్కు దగ్గర గొంతుక్కూర్చుని, దానికి సున్నపు బొట్టు పెట్టి, సంతలో మాదిరే ఒకటికి బదులు లాభం అని మొదలుపెట్టాను.

ఏం చెప్పమంటావు, ఆ బొట్టు పైకి వచ్చి కిందికి పోతుంటే నాకు సంత కళ్ళకు కట్టింది. జొన్నల దుమ్ము, గోనెల వాసన, నా చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టుకున్న రైతులు. చాలా దినాల తర్వాత నా నోరు దాని పని అది చేసుకుపోయింది. ఎనిమిది చుట్లు అయ్యేసరికి నలభై వచ్చింది.

నలభై అని నువ్వు చెప్పలేదు. మళ్ళీ తిప్పించాను. మళ్ళీ నలభయ్యే. ఇది ఏ జాతి ఇరుసు? శివరాత్రి దాకా ఎవరికీ ఇవ్వనని సుబ్బయ్య మాట ఇచ్చాడు. వెంటనే జవాబు రాయి.

మీ మామ
ఓబులేసు

*

నంద్యాల,
16-2-1957

మామకు నమస్కారాలు.

నలభై పళ్ళ ఇరుసు జీపులో ఉండదని దావీదు మేస్త్రి ప్రమాణం చేసి చెబుతున్నాడు. ముప్పైతొమ్మిది ఉంటుంది, నలభైమూడు ఉంటుంది. నువ్వు ముప్పైతొమ్మిదిని ఒకటి ఎక్కువగా లెక్కపెట్టావు. ఒకటి తప్పడం ఎవరికైనా సహజం, మూడు తప్పడానికి మనిషి నిద్రపోవాలి. కాబట్టి ఆ ఇరుసు మనకు పనికిరాదు. వదిలెయ్.

లారీల పని ముమ్మరంగా ఉంది, నేనే వచ్చి చూద్దామంటే మేస్త్రి కదలనివ్వడం లేదు. అయినా మామా, ముప్పై ఏండ్లు సంతంతా నమ్మిన లెక్క ఒక్క సున్నపు బొట్టు ముందు తడబడిందంటే నాకు నవ్వొచ్చింది. వయసు మీద పడుతోంది, కొంచెం చూసుకో.

ఇంతకూ ఉగాది తొందరేమిటి? ఉన్న బండితో అహోబిలం దాకా తోలుకుంటే సరిపోదా? పది మందిని కుక్కి అడవిలోకి కూడా తోలాలా? ఆశకు అంతుండాలి. నా మాట కటువుగా ఉంటే మన్నించు.

మద్దిలేటి

*

ఆళ్లగడ్డ,
20-3-1957

శ్రీ మద్దిలేటి గారికి,

మీరు వదిలేయమన్నారు, వదిలేశాను. సుబ్బయ్య దాన్ని వేరేవాళ్ళకు ఇచ్చేశాడు.

నా లెక్క తప్పు అన్న మనిషి ఇంతవరకు ఆళ్లగడ్డ సంతలో పుట్టలేదు. నంద్యాలలో ఉన్నాడు, మా ఇంటి సంగటి తిని పెరిగినవాడు.

వెనక ఇరుసుకు మీరు పంపిన పళ్ళు ఇక్కడి లారీ మెకానిక్ ఆనందరావు చేత బిగించుకున్నాను. బిగించవద్దన్నారు, తెలుసు. ఉగాది ఆగదు. గ్లాసు మజ్జిగ పెట్టుకుని ఒక్కడినే బంగళా దారి పట్టాను. మొదటి మైలు బాగానే ఉంది. రెండో మైలులో వెనక చక్రాలు గులకరాళ్ళ మీద తిరుగుతూ ఉండిపోతే, ముందు చక్రాల కడ్డీ లాగాను. ఎక్కడమైతే ఎక్కింది. కాస్త చదునైన బండ మీదికి రాగానే బండి మొత్తం బిగుసుకుపోయింది. లోపల ఏదో మూలిగింది. స్టీరింగు తిరగదు. కడ్డీ బయటికి రమ్మంటే రాదు. చివరికి వెనక్కి పది గజాలు నడిపితే, ముడి విప్పినట్టు ఊడి వచ్చింది. ఏదీ విరగలేదు.

మజ్జిగ మాత్రం సీటు తాగింది. మీరు చెప్పినట్టే అయింది కాబట్టి సంతోషించండి.

ఓబులేసు

*

నంద్యాల,
27-3-1957

మామకు,

నువ్వు నన్ను గారూ గీరూ అన్నందుకు కోపం రావాలి కానీ, దానికన్నా పెద్దది ఇంకొకటి వచ్చిపడింది.

దావీదు మేస్త్రి భార్య సువార్తమ్మ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. నిన్న మాటల్లో, “మీ మామ, అత్త జనవరిలో ఒకసారి, ఈ నెల మొదట్లో ఒకసారి వచ్చిపోయినారు గదా? ఎట్లుందామెకు?” అని అడిగింది. మీరు వచ్చినట్టే నాకు తెలియదన్నాను.

అమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. రోట్లో పచ్చడి నూరుతున్న చేయి ఆగిపోయింది. “నా తమ్ముడు నా ఊరికి రెండుతూర్లు వచ్చి నా గడప తొక్కల్యా? నేనేం పాపం చేసినారా?” అని ఒక్కటే ఏడుపు. అన్నం ముట్టలేదు. ఆసుపత్రి నుంచి మా ఇల్లు రెండు వీధులు, మామా. రెండే వీధులు.

నా మీద కోపమైతే నన్ను తిట్టు. అమ్మను ఎందుకు వెలివేశావు? అత్తకు ఏమైంది? ఈసారైనా యాత్రికులు, మజ్జిగ అని దాటవేయకుండా రాయి.

మద్దిలేటి

*

ఆళ్లగడ్డ,
3-4-1957

నాయనా మద్దిలేటీ,

దాటవేయడానికి ఇంక ఏమీ లేదు. ఉగాది మొన్న వెళ్ళిపోయింది.

యాత్రికులెవరూ అడవికి పోతామనలేదు. బంగళాకు పోవాలన్నది మీ అత్త.

జనవరిలో నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడుతోందని నంద్యాలకు తీసుకొచ్చాను. గుండె అలిసిపోయిందని డాక్టరు చెప్పాడు. కుదుపు తగలకూడదన్నాడు. నన్ను పక్కకు పిలిచి, పది నెలలు అన్నాడు. నేను పక్కకు పోయినంత మాత్రాన ఆమెకు వినపడకుండా ఉంటుందా? గోడ ఇవతల కూర్చుని అంతా వింది.

మీ ఇంటికి పోదామంటే వద్దంది. “వదినె ఏడుస్తాది. ఆయమ్మను ఊరుకోబెట్టల్లంటే నాకంత ఓపిక యాడుంది?” అంది. అంతే సంగతి. అక్కను వెలివేయడానికి నేనెవడిని? ఆమె కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.

మీ అత్త నాయన ఆ బంగళాకు కావలిదారు. ఆమె పుట్టింది, పన్నెండేండ్లు పెరిగింది అక్కడే. బంగళా చుట్టూ ఇప్పచెట్లు. ఉగాదికి అటూ ఇటూగా తెల్లవారుజామున పూలు రాలుతాయట. పొద్దు పొడిచేలోపు నేల కనపడదట. ఎలుగుబంట్లు వచ్చేలోగా ఏరుకోవాలని వాళ్ళ నాయన లేపితే, ఈమె లేవకుండా చెట్టు కిందనే పడుకుని, ముఖం మీద పూలు పడుతుంటే నిద్రపోయేదట. పెండ్లయి వచ్చాక మళ్ళీ పోలేదు. ముప్పైయేండ్లలో ఒక్కసారి అడగలేదు. డాక్టరు చెప్పిన దినం బస్సులో అడిగింది.

ఎద్దులబండి ఆ రాళ్ళు ఎక్కదు. డోలీ కట్టిస్తానన్నాను. నన్ను నిలబెట్టి చెప్పింది: “నలుగురు మోసే పని ఒక్కసారే. రెండుతూర్లు మొయ్యనియ్యను.”

అందుకని మజ్జిగ గ్లాసు. అది తొణకకపోతే ఆమె గుండెకు కుదుపు తగలదని నా లెక్క. ఆ లెక్కా తప్పేనేమో.

పూలు ఇంకో పదిహేను దినాలు. లెక్క తప్పింది నువ్వో నేనో చెట్లకు తెలియదు కదా, అవి రాలిపోతూనే ఉంటాయి.

మీ మామ
ఓబులేసు

*

నంద్యాల,
20-4-1957

మామకు, అత్తకు మద్దిలేటి సాష్టాంగ నమస్కారం.

నీ ఉత్తరం అమ్మకు మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఏడ్చింది. ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చి, “ఇన్నాళ్ళూ నాకు సదవనివన్నీ తే” అంది. అన్నీ తెచ్చాను. చాగలమర్రి ఉత్తరం దగ్గరకు రాగానే చేయెత్తి ఆపింది.

“లాభం అని మొదులుపెట్టినాడా?”

“అట్లే రాశాడమ్మా.”

“అయితే వాని చేతిలో కొలతపడి ఉన్నట్టేరా! ఇరుసు కొలిచినాడా, జొన్నలు కొలిచినాడా?”

లోపలికి పోయి చాటలో జొన్నలు, ముంత తెచ్చి నా ముందు కూర్చుంది. లాభం, రెండు, మూడు అంటూ పది ముంతలు పోసింది. పదకొండోది నోరు మెదపకుండా పోసింది. తర్వాతదానికి పదకొండు అంది.

“ఇదేందమ్మా, ఒకటి ఎగరగొట్టినావే?”

“కొసరు. పదికొకటి. కొనేటోనికి. మీ తాత మా ఇద్దరికీ నేర్పినాడు. వాడు నిద్దట్లో కొలిచినా కొసరు యిడిసిపెట్టడు.”

“అది కూడా లెక్కపెట్టాల్సిందే కదమ్మా?”

“కొసరు లెక్కపెడితే అది కొసరెట్లయితాది?”

మామా, నేను గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూ మళ్ళీ కొలిపించాను. అమ్మ నోటి నుంచి నలభై అని వచ్చేసరికి ముంత నలభైమూడుసార్లు మునిగింది. నడుమ మూడు కొసర్లు. అది మన ఇరుసే. నీ లెక్క తప్పు కాదు. నీ ఉత్తరాల్లో అమ్మకు నాలుగు ముక్కలే చదివిన నాది తప్పు. తెలియకుండా వాగిన నా నోటిది తప్పు.

మరునాడే చాగలమర్రికి పరుగెత్తాను. సుబ్బయ్య ఆ ఇరుసును పాములపాడులో పరంజ్యోతి అనే రైతుకు ఇచ్చాడట. పాములపాడుకు పోయాను. పరంజ్యోతి మంచివాడు, కానీ ఇరుసు మీద పలకలు బిగించి టైరుబండి చేసుకున్నాడు. రాబోయే వేరుశనగ పంట ఇంటికి చేరేదాకా విప్పనన్నాడు. వేరే ఇరుసు తెచ్చిస్తానన్నా వినలేదు. పంట అయ్యేసరికి ఈ ఏడు గడిచిపోతుంది. కర్నూలు దాకా వెతికాను, ఇంకెక్కడా లేదు.

అత్తకు ఎట్లా చెప్పాలి? సంగటి పెట్టేటప్పుడు నేను చాలన్నాక ఇంకో పిడికెడు పెట్టి, “ఇది లెక్కలో ల్యా, తిను” అనేది. అట్లాంటి మనిషికి ఒక పూతకాలం లేకుండా చేశాను. నన్ను తిడుతూ నాలుగు మాటలు రాయించు మామా, నాకు కాస్త నెమ్మది అవుతుంది.

మద్దిలేటి

*

ఆళ్లగడ్డ,
28-10-1957

నాయనా మద్దిలేటీ,

తిట్టమని నువ్వు రాసినప్పుడల్లా మీ అత్తకు చదివి వినిపిస్తున్నాను. ప్రతిసారీ ఒకటే జవాబు: “వాడు తింటాండాడో లేదో కనుక్కో.” రాయడానికి ఇంకేమీ చెప్పదు.

లెక్క విషయం తెలిసిన దినం మాత్రం చాలాసేపు నవ్వింది. ఆయాసం వస్తుందని నేను భయపడ్డాను. “ఇనుముకు గూడ కొసరు పోసినావా!” అని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

ఇప్పుడు మాకొక పని దొరికింది, ఎవరికీ చెప్పవద్దు. సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఆమెను మెల్లగా నడిపించుకొచ్చి, పెరట్లో నిలబెట్టిన జీపు ఎక్కిస్తాను. నేను స్టీరింగు ముందు కూర్చుంటాను. ఇంజను వేయను. ఆమె కళ్ళు మూసుకుని దారి చెబుతుంది. “ఈడ వాగు. నీళ్ళు తక్కువుండాయి, పోనీ. ఈడ ఎడమకు తిరుగు. ఎలుగ్గొడ్డు గీరిన చెట్టు కనపడ్తాందా?” కనపడుతోందంటాను. స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పుతాను. “ఈడ గాలి వాసన మారుతాది సూడు” అంటుంది. ఒట్టు మద్దిలేటీ, మారుతుంది. పెరట్లో పేడ వాసన పోయి, చల్లగా, తియ్యగా ఏదో వస్తుంది. పక్కింటి సుగుణమ్మ గోడ మీద నుంచి చూసి, మాకిద్దరికీ ఏదో పట్టుకుందని ఊరంతా చెబుతోంది.

నిన్న పది మైళ్ళూ పోయి వచ్చాం. మజ్జిగ తొణకలేదు.

వచ్చే నెలతో డాక్టరు చెప్పిన పది నెలలు సరి. ఇప్పపూలకు ఇంకా ఐదు నెలలు ఉంది. ఆమె రోజులు లెక్కపెట్టదు, నేను పెడుతున్నాను. ముప్పై ఏండ్లు లెక్కతోనే బతికాను కదా, ఈ లెక్క ఒక్కటి మరిచిపోదామంటే చేతకావడం లేదు. నాకు చాలా భయంగా ఉంది.

మీ మామ
ఓబులేసు

*

నంద్యాల,
10-2-1958

మామకు, అత్తకు, మీ ఇంట్లో తిష్ఠవేసిన మా అమ్మకు నమస్కారాలు.

క్షేమంగా చేరాను. రెండు దినాలు నీ జీపు కింద పడుకున్న నడుము ఇంకా నొస్తోంది. అత్త చేతి సంగటి ఇంకా అరగలేదు. పెట్టే చేయి సన్నబడింది కానీ పెట్టే ముద్ద సన్నబడలేదు.

పరంజ్యోతిని మెచ్చుకోవాలి. వేరుశనగ మూటలు దింపిన మరునాడే, నేను అడగకముందే బండి విప్పి ఇరుసు పక్కన పెట్టాడు. నేను తీసుకుపోయిన లారీ ఇరుసు దానికి బదులు ఇచ్చాను. అక్కడ బుర్ర తెరిచి వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టాను. నలభైమూడు. ఒక్కొక్క పన్నునూ తాకుతుంటే నీ ముందు గుంజీలు తీస్తున్నట్టు అనిపించింది.

ఇప్పుడు ముందూ వెనకా ఒకే లెక్క. రాళ్ళ మీద కడ్డీ ధైర్యంగా లాగు, చదును నేల రాగానే తీసెయ్.

ఒక చిన్న లోపం మిగిలింది. మైళ్ళ మీటరు చక్రాలను చూసి లెక్కపెట్టదు, బండి నడుమ తిరిగే రాడ్డు చుట్లను లెక్కపెడుతుంది. ఇప్పుడు అదే దూరానికి ఆ రాడ్డు ఎక్కువ తిరుగుతుంది కాబట్టి మీటరు గొప్పలు చెబుతుంది. నువ్వు పది మైళ్ళు పోతే పదకొండు అంటుంది. దాన్ని సరిచేసే చిన్న పళ్ళచక్రం మద్రాసులో దొరుకుతుందట. రాసి తెప్పించమంటావా?

పూలు ఎప్పుడు మొదలైనాయో రాయి. నేను మేస్త్రిని సెలవు అడగడం లేదు. ఆ దారిలో మీరిద్దరే పోవాలి.

మద్దిలేటి

*

ఆళ్లగడ్డ,
2-4-1958

నాయనా మద్దిలేటీ,

పోయి వచ్చాం.

చీకటి విడిపోతుండగా బయలుదేరాం. మీ అమ్మ గ్లాసు నిండా మజ్జిగ పోసి, ఇద్దరి నడుమా పెట్టి, నా వైపు వేలు చూపించి బెదిరించింది. తారురోడ్డు వదిలాక మీటరు అంకె చూసి గుర్తుపెట్టుకున్నాను.

ఆ పదో వంతు గురించి మీ దావీదు మేస్త్రి నవ్వాడు కదా. ఆయనకు చెప్పు. పోయినసారి బండి దూకిన రాళ్ళ మీద ఈసారి అది చీమలా పాకింది. నేను కాలు నొక్కలేదు, తీయలేదు. నాలుగు చక్రాలూ మాట్లాడుకుని ఎక్కుతున్నట్టే ఉంది. ఎంత నిదానమంటే పక్కన పొదలో కూసిన కౌజుపిట్టను మేము దాటిపోయేదాకా కూత వినపడుతూనే ఉంది. మీ అత్త కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. “ఎడమకు తిరుగు” అంది. అక్కడ నిజంగా ఎడమకే దారి ఉంది. ఎలుగు గీరిన చెట్టు పడిపోయింది. ఆమెకు చెప్పలేదు. “కనపడ్తాందా?” అంటే, కనపడుతోందన్నాను.

బంగళాకు కప్పు లేదు. గోడలు నడుము ఎత్తు ఉన్నాయి. చెట్లు ఉన్నాయి. ఒక పెద్ద ఇప్పచెట్టు కింద బండి నిలిపి ఇంజను ఆపేశాను. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత, అల్లుడా, చుట్టూ అడవంతా మెల్లగా రాలుతోంది. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, తొందర లేకుండా. బానెట్ మీద పడ్డాయి, నా టోపీ మీద పడ్డాయి. ఆమె దిగలేదు. సీటులోనే వెనక్కి వాలి ముఖం పైకెత్తుకుంది. ఒక పువ్వు ఆమె బుగ్గ మీద పడి అక్కడే ఉండిపోయింది. నేను తీయబోతే వద్దంది.

ఇంకో పువ్వు సరిగ్గా మజ్జిగ గ్లాసులో పడింది. రెండు చుక్కలు తొణికాయి. పది మైళ్ళ రాళ్ళు చేయలేని పని పువ్వు చేసింది. “నేను తొణకనియ్యల్యా, ఇది నా తప్పు కాదు” అన్నాను. నవ్వింది.

పొద్దెక్కాక పోదామా అన్నాను. ఆమె మీటరు వైపు చూసింది.

“ఎన్ని మైళ్ళొచ్చినాం?”

“పదకొండు.”

“మా నాయన దినామూ నడిచింది పదే గదా?”

“ఒకటి కొసరు” అన్నాను.

ఒళ్ళో పడ్డ పూలను కొంగులోకి ఏరుకుంది. తర్వాత అడిగింది: “డాక్టరు నాకు పది నెలలన్న్యాడు. ఇప్పుడిది ఎన్నోది?”

నా దగ్గర లెక్క ఉంది. దినాలతో సహా ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె అరచేయి నా నోటికి అడ్డం పెట్టింది. చేయంతా ఇప్పపూల వాసన.

“ఇన్నేండ్లు కొలిచినావ్, నీకు తెలీదా? కొసరు లెక్కపెడతారా యాడన్నా?”

నేను లెక్క చెప్పలేదు. ఇకమీదట చెప్పను కూడా.

కాబట్టి నాయనా, మద్రాసుకు రాయవద్దు. మీటరు అట్లే ఉండనియ్.

మీ మామ
ఓబులేసు